ఠాణా అరుగు మీద పేరు లేని పుస్తకం

పోలీసు ఉద్యోగం చేసి రిటైరయినవాడినని తెలిస్తే చాలు, మీ ఈడు కుర్రాళ్ళందరూ ఒకటే అడుగుతారు. ఎంతమంది దొంగల్ని పట్టుకున్నావు తాతా, తుపాకి పేల్చావా అని. పేల్చాను. ఏటా ఒకసారి నెల్లూరు మైదానంలో మట్టికట్ట మీదికి. అంత పెద్ద కట్టకు కూడా తగల్లేదు. దొంగలు నాకు దొరికినదానికన్నా నేను దొంగలకు దొరికిందే ఎక్కువ. కానీ ఒక పుస్తకాన్ని పట్టుకున్న కేసులో మాత్రం నేనున్నాను. ఆ ముచ్చట చెప్తాను. ఓపిక ఉంటే వినండి, లేకపోతే ఇప్పుడే లేచి పొండి. మధ్యలో ఆవలిస్తే మాత్రం నాకు ఒళ్ళు మండుతుంది.

స్వాతంత్ర్యం వచ్చిన కొత్త. మేమింకా మద్రాసు ప్రభుత్వం కింద ఉన్నాం. ఎర్రజెండా వాళ్ళ కోసం ఊరూరా వేట సాగుతున్న రోజులు. వాళ్ళు కొండల్లో దాక్కున్నారని ఒక మాట, వాళ్ళ పుస్తకాలు సంతల్లో తిరుగుతున్నాయని ఇంకో మాట. మనుషులెటూ దొరకడం లేదు, పుస్తకాలనైనా పట్టమని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. నిషేధించిన పుస్తకాల పేర్లు అచ్చేసి ప్రతి ఠాణాకూ పంపారు. అప్పుడే నన్ను ఆత్మకూరు నుంచి ఉదయగిరికి మార్చారు. కారణం అడిగితే, "నీకు చదవడం వచ్చు కదా" అన్నారు. చదువుకున్నందుకు శిక్ష పడిన మొదటి కానిస్టేబుల్ని నేనే అనుకుంటూ బొగ్గుతో నడిచే బస్సెక్కి వచ్చాను.

మా ఠాణాలో ఎస్సై కుర్చీ ఖాళీ. హెడ్డు కానిస్టేబులే మాకు అన్నీ. మనిషి మంచివాడే. ఆయన మీసాలు చూసి పిల్లలు జడుసుకునేవాళ్ళు, ఆయన భార్యను చూసి ఆయన జడుసుకునేవాడు. ఎప్పుడు ఏ విషయం అడిగినా ఒకటే జవాబు: "పైవాళ్ళు ఎట్టంటే అట్ట." కూరలో ఉప్పు చాలిందా అని అడిగినా ఆ మాటే అనేవాడని ఆయన భార్య నెత్తి కొట్టుకునేది. పాపం ఆయనకు అప్పుడొక దిగులు పట్టుకుంది. చుట్టుపక్కల ఠాణాలన్నీ తలా ఒక పుస్తకం పట్టేశాయి. మాకు ఒక్కటీ లేదు. ఆత్మకూరులో ఉండే ఇన్‌స్పెక్టరు వారం వారం చీవాట్లు పంపేవాడు. ఉదయగిరిలో అసలు పుస్తకమే అరుదు, అందులో నిషేధించింది ఎక్కడినుంచి తెస్తామండీ!

అట్లాంటి సమయంలో హెడ్డు ఒకరోజు ఇంట్లోకి గరిటె కావాలని, కొయ్య గరిటెలు చెక్కే ఒక సాయిబు ఇంటికి పోయాడు. నన్నూ వెంట తీసుకుపోయాడు. సాయిబు నడివయసు మనిషి, ఇంట్లో ఆయనా, ముసలి తల్లీ ఇద్దరే. గరిటెలు చెక్కే నర్దికొయ్య ముందేసుకుంటే చీకటి పడేదాకా తల ఎత్తడు. గోడ గూట్లో ఏదో గుడ్డలో చుట్టి ఉంటే హెడ్డు లాగి చూశాడు. ఎర్ర అట్ట పుస్తకం! ఆయన మీసాలు రెండూ ఒక్కసారి లేచి నిలబడ్డాయి.

"ఏందిది?"

"పుస్తకం సార్."

"పుస్తకమని నాకూ తెలుసులేవయ్యా. ఏం పుస్తకం?"

"నాకేం తెలుసు సార్, నాకు చదవను రాదు. ఆత్మకూరు సంతలో ఒకాయన రెండు గరిటెలు తీసుకోని ఇదిచ్చినాడు. ఇందులో మన బతుకుండాది, ఎవురిచేతనైనా చదివించుకో అన్యాడు. బడి అయ్యవారి కాడికి తీసకపోతే అట్ట చూసి లోపల గడియ పెట్టుకున్నాడు."

హెడ్డు అట్ట తిప్పాడు. మొదటి పేజీలు లేవు. పేరూ లేదు, రాసినవాడి ఊరూ లేదు. సరాసరి కథ మొదలు.

"ఈ కాగితాలు ఏమైనాయి?"

మూల కూర్చున్న ముసలమ్మ తల ఎత్తింది. "ముక్కుపొడి పొట్లానికి చింపినా. ఏం, ముక్కుపొడి మీద కూడా కేసుండాదా?"

పుస్తకాన్నీ, సాయిబునూ ఠాణాకు తెచ్చాం. తెచ్చాక తెలిసింది చిక్కు. మా దగ్గరున్నవి నిషేధించిన పుస్తకాల పేర్లు. ఈ పుస్తకానికి పేరే లేదు. హెడ్డు తల పట్టుకుని ఇన్‌స్పెక్టరుకు రాసి బస్సులో పంపాడు. తిరుగు బస్సులోనే జవాబు వచ్చింది, దానితోపాటు ఒక కొత్త ఎర్ర పెన్సిలు. మధ్యవర్తుల ఎదుట, ముద్దాయి ఎదుట పుస్తకమంతా చదివించాలి. ప్రభుత్వానికి అభ్యంతరమైన వాక్యం కనిపిస్తే దాని కింద ఎర్ర గీత గీయాలి. ఎందుకు అభ్యంతరమో పక్కన రాయాలి. అందరూ సంతకాలు చేయాలి. ఒక్క గీత పడినా సాయిబును నెల్లూరు పంపుతారు. ఒక్కటీ లేకపోతే వదిలేయాలి. ఉదయగిరి సంతనాడు తానే వచ్చి చూస్తానన్నాడు ఇన్‌స్పెక్టరు.

నెల్లూరు పంపడమంటే జైలుకే. ఆ రోజుల్లో అట్లా పోయినవాళ్ళు ఎప్పుడు తిరిగొస్తారో చెప్పే నాథుడు లేడు. ఆ మాట విని, కొడుకు వెంటే వచ్చిన తల్లి ఠాణా మెట్ల మీద కూలబడింది. "వాడు పోతే నాకింత గంజి పోసేదెవురయ్యా? చదవను రానోడికి పుస్తకం కేసేంది?" అంది. హెడ్డు మొహం అటు తిప్పుకున్నాడు. అయినా పైవాళ్ళు ఎట్టంటే అట్ట కదా.

ఇంకా కేసు రాయలేదు గనుక సాయిబును లాకప్పులో పెట్టడానికి లేదు. రోజూ పొద్దున్నే వచ్చి సాయంత్రం ఇంటికి పొమ్మన్నాడు హెడ్డు. పారిపోతాడేమో అయ్యా అన్నాను. "యాడికి పోతాడ్రా, సగం చెక్కిన గరిటెలుండాయి ఇంట్లో" అన్నాడు. మరునాటి నుంచి సాయిబు ఉలి, కత్తి, కొయ్యలు సంచిలో వేసుకుని ఉద్యోగానికి వచ్చినట్టు వచ్చేవాడు. వెనకాలే గంజి ముంతతో తల్లి.

పోలీసు పనిలో ఏది పట్టుకున్నా ఊళ్ళో ఇద్దరు పెద్దమనుషుల్ని మధ్యవర్తులుగా కూర్చోబెట్టుకోవాలి. మాకు ఎప్పుడూ ఇద్దరే ఉండేవాళ్ళు. చెరువు కింద పెద్ద మాగాణి ఉన్న రైతు ఒకాయన, ఆయన్ని అందరూ పెద్దాయన అనేవాళ్ళు. బజారులో అంగడి పెట్టుకున్న ఇంకొకాయన. హెడ్డు వాళ్ళిద్దరినీ ఠాణా అరుగు మీద కూర్చోబెట్టి, ఊరి పంచాయతీలో చేసినట్టే ఒక నియమం పెట్టాడు. మధ్యవర్తులిద్దరూ, తానూ, మొత్తం ముగ్గురు. ఇద్దరు ఊ అంటేనే గీత. ఆ నియమం పెట్టమని ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఆయన బుర్రలో సొంతంగా పుట్టిన ఆలోచన నాకు తెలిసి అదొక్కటే, అదే కొంప ముంచింది.

నేను పుస్తకం తెరిచి మనసులో చదువుకోబోయాను. హెడ్డు అరిచాడు.

"మనసులో చదవబాకరా! నువ్వు మనసులో చదివితే లోపల ఏమనుకుంటా ఉండావో మాకేం తెలుస్తాది? గట్టిగా చదువు, ముద్దాయికి గూడా వినపడాల."

గట్టిగా చదివాను. నా గొంతు సంగతి మీకు తెలుసు కదా. అప్పుడింకా పాతికేళ్ళవాణ్ణి. బజారు దాకా వినపడింది.

అది ఒక పల్లెటూరి కథ. ఆ ఊళ్ళో ఒక చెరువు, దాని తూముకు ఒక తాళం, ఆ తాళంచెవి ఊరిపెద్ద మొలతాడుకు. ఒక పేదరైతు పైరు ఎండుతోంది, తాళం తియ్యమని అడుగుతాడు, ఊరిపెద్ద తియ్యనంటాడు. అక్కడ ఒక వాక్యం వచ్చింది. 'చెరువు నీళ్ళు ముందు ఎవరి మడికి పారుతాయో చూస్తే, ఊళ్ళో ఎవరి మాట చెల్లుతుందో తెలుస్తుంది.'

పెద్దాయన తుండుగుడ్డ విదిలించి లేచాడు. "గియ్! దీని కింద గియ్! ఇది ఊళ్ళో తగువులు పెట్టే మాట!"

"ఎందుకు గియ్యాల పెద్దాయనా?" అన్నాడు అంగడాయన. "పోయినేడు నా మడి ఎండింది, నీది పండింది. ఉండే మాటే గదా రాసినాడు."

ఇద్దరూ హెడ్డు వైపు చూశారు. హెడ్డు అత్తగారికి కూడా ఆ చెరువు కిందే చిన్న మడి ఉంది. ఆయన మీసం దువ్వుకుని, "పోనీలే, నీళ్ళ సంగతేగా, ప్రభుత్వాన్ని ఏమనలేదుగా" అన్నాడు. గీత పడలేదు. పెద్దాయన చుట్ట ముట్టించి అటు తిరిగి కూర్చున్నాడు.

మర్నాడు కథలో అంగడి వచ్చింది. 'తూచే చెయ్యి బరువెక్కే కొద్దీ పొట్లం తేలికవుతుంది' అని చదివానో లేదో, అంగడాయన కేక. "ఇదిగో, ఇదీ అభ్యంతరం! వ్యాపారస్తులు లేకపోతే ప్రభుత్వం యాడుండాది? గియ్యండి!"

పెద్దాయన ఇటు తిరిగాడు. ఆయన మొహం అంత వెలిగిపోవడం నేనెప్పుడూ చూడలేదు. "గియ్యటానికి లేదు. మొన్న నీ కాడ తెచ్చిన చింతపండు చూసి మా ఆడోళ్ళు నవ్వినారు. రాసినాయన ఎవరో గానీ మన అంగడికి వచ్చిపోయుండాడు" అన్నాడు. హెడ్డు కూడా పెద్దాయన పక్షమే. ఆయన భార్య ఆ చింతపండు సంగతి ఆయనకు రోజూ చెప్తూనే ఉంది మరి.

ఆ తరువాత ఠాణా మీదికే వచ్చింది. 'ఊరికే తీసుకునేవాడి ఇంట్లో ఎన్ని గరిటెలున్నా కొత్తది కావాలనిపిస్తూనే ఉంటుంది' అని ఒక పోలీసు బంట్రోతు గురించి. గరిటె అన్న మాట వినగానే సాయిబు ఉలి ఆగింది. హెడ్డు ఎగిరి లేచాడు. "ఇది రాజద్రోహం! అక్షరాలా రాజద్రోహం! గియ్యరా!" నేను పెన్సిలు తీశాను. మధ్యవర్తులిద్దరూ మొదటిసారి ఒక్కటయ్యారు. "గియ్యబాక అబ్బయ్యా. నిజం రాస్తే గియ్యమని ఉత్తర్వులో లేదు" అన్నారు. తల్లి మెట్ల మీద నుంచి, "మొన్న తీసకపోయిన గరిటె బాగుండాదా నాయనా?" అని హెడ్డును ఆప్యాయంగా అడిగింది.

ఇట్లా ఎవరి మీదికి వచ్చినప్పుడు వాళ్ళు గియ్యమనడం, మిగతా ఇద్దరూ వద్దనడం. పెన్సిలు మొన అరగలేదు గానీ అరుగు ముందు జనం మాత్రం పెరిగిపోయారు. మొదట నీళ్ళకు పోయే ఆడవాళ్ళు బిందెలు దించి నిలబడ్డారు. తరువాత బండ్లు ఆగాయి. వేరుశనక్కాయలమ్మే ఆమె గంప తెచ్చి ఠాణా గేటు దగ్గరే పెట్టింది, బజారులో లేని గిరాకీ అక్కడ ఉంది. ఒక ముసలాయన ఇది పురాణమనుకుని నా ముందు అరటిపండు, తమలపాకులు పెట్టి దండం పెట్టాడు. నాకూ ఉత్సాహం వచ్చి అక్కడక్కడా రాగం తీశాను.

"రాగాలు తియ్యబాకరా సచ్చినోడా! అది నిషేధించిన పుస్తకం!" అన్నాడు హెడ్డు.

"నిషేధించిందో లేదో తేల్చే దానికే గదయ్యా చదవతా ఉండేది" అన్నాను.

"అయితే రాగం లేకుండా తేల్చు."

జనం మాత్రం ఊరుకోలేదు. ఆ తూము ముక్క మళ్ళీ చదువు నాయనా అని ఒకరు, నిన్న నేను రాలేదు మొదట్నుంచీ చెప్పు అని ఒకరు. మీరిప్పుడు నవ్వుతున్నారు గానీ, మాకు అప్పుడు అది పుస్తకం చదివినట్టే లేదు. ఊళ్ళో అందరికీ తెలిసీ ఎవరూ పైకి అనని మాటలు పోలీసు గొంతుతో పైకి వినపడుతున్నాయి. కథలో తాళం తియ్యమని అడగడానికి ఊరంతా కలిసి పోవాలా వద్దా అని జనం అరుగు కిందే వాదులాడుకునేవాళ్ళు. సాయిబు చెక్కుతూ చెక్కుతూ తల ఊపేవాడు. సంతలో ఆయన చెప్పింది నిజమే సార్, ఇందులో మన బతుకుండాది అన్నాడు నాతో ఒకరోజు. నాకు సంతోషమేసింది, వెంటనే భయమూ వేసింది. సంతనాడు దగ్గరకొచ్చేస్తోంది.

సంతనాడు పొద్దున్నే ఇన్‌స్పెక్టరు దిగాడు. కోస్తా వైపు మనిషి, మాట మెత్తన, చూపు గట్టి. ఆయన ఎప్పుడొచ్చినా ఒక పద్ధతి ఉండేది. పెద్దాయన ఇంటినుంచి కోడి, అంగడినుంచి నూనె, మసాలా, ఠాణా వెనక హెడ్డు ఇంట్లో వంట. ఆ రోజూ పొయ్యి ముట్టింది. ఇన్‌స్పెక్టరు అరుగు మీద కుర్చీ వేయించుకుని పుస్తకం తిరగేశాడు. ఒక్క గీత లేదు. అరుగు ముందు చూస్తే సంత జనమంతా అక్కడే.

"ఏమయ్యా హెడ్డూ, ఇన్నాళ్ళు ఏం చదివారు? ఈ తిరనాళ్ళేమిటి?"

హెడ్డు నియమం సంగతి చెప్పాడు. చెప్తుంటే ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు.

"చాల్లే. నువ్వు చదవరా, నేను గీస్తాను" అని నా చేతిలో పెన్సిలు లాక్కున్నాడు ఇన్‌స్పెక్టరు. సాయిబు ఉలి కింద పెట్టేశాడు. తల్లి కొంగు నోట్లో కుక్కుకుంది.

ముందురోజు ఆగిన చోటునుంచి చదివాను. కథలో ఊరివాళ్ళు తాళం కోసం బయలుదేరారని తెలిసి, వాళ్ళను అదుపు చెయ్యడానికి పట్నం నుంచి ఒక అధికారి వస్తున్నాడు. తరువాతి వాక్యం మీద నా కళ్ళు పడ్డాయి. "చదవవేం?" అన్నాడు ఇన్‌స్పెక్టరు. చదివాను.

'పెద్ద అధికారి ఊరికి వస్తున్న సంగతి అందరికన్నా ముందు కోళ్ళకు తెలుస్తుంది.'

సరిగ్గా అప్పుడే ఠాణా వెనకనుంచి కూర వాసన వచ్చింది. వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. అంతే, వేరుశనక్కాయలామె గంప మీద పడి నవ్వింది. ఇన్‌స్పెక్టరు చెవులు ఎర్రబడ్డాయి.

"ఇదీ! ఇది ప్రభుత్వాన్ని కించపరచడమే!" అని పెన్సిలు పేజీ మీద పెట్టాడు. "మధ్యవర్తులూ, మీరేమంటారు?"

సాయిబు నెల్లూరు పోవడానికి ఒక్క గీత దూరం. పెద్దాయన చాలాసేపు తుండుగుడ్డ సర్దుకున్నాడు. ఇన్‌స్పెక్టరును కాదనే మనిషి కాదాయన. కానీ చివరికి, "దొరా, ఆ కోడి మా ఇంటిదే. పోయినసారిదీ మా ఇంటిదే. పుస్తకంలో అబద్ధమేం కనపడలేదు నాకు" అన్నాడు.

"నూనె, మసాలా నావి" అన్నాడు అంగడాయన నేల చూస్తూ.

ఇన్‌స్పెక్టరు హెడ్డు వైపు తిరిగాడు. "ఆ నియమం పక్కన పెట్టు. నువ్వు సంతకం చెయ్యి, చాలు."

హెడ్డు మడమలు కలిపి నిటారుగా నిలబడ్డాడు. మీసాలు వణుకుతున్నాయి. పైవాళ్ళు ఎట్టంటే అట్ట అంటాడని నేను కళ్ళు మూసుకున్నాను.

"చేస్తాను సార్" అన్నాడు. తరువాత గొంతు సవరించుకున్నాడు. "కాకపోతే ఎందుకు అభ్యంతరమో పక్కన రాయాలని తమరే రాసి పంపినారు. ఏమని రాయమంటారు సార్? ఇది మన గురించే అని రాసేదా?"

ఇన్‌స్పెక్టరు పెన్సిలు పట్టుకుని అట్లాగే ఉండిపోయాడు. ఆ కాగితం నెల్లూరు పోతుంది. అక్కడ పెద్ద దొరలు చదువుతారు. ఉదయగిరి కోళ్ళ సంగతి మద్రాసు దాకా పోతుంది. ఆయన మొహంలో ఇవన్నీ ఒకదాని వెనక ఒకటి నడిచిపోవడం మాకు కనపడింది.

"తొందరగా తేల్చండయ్యా" అంది సాయిబు తల్లి, "కూర మాడిపోతా ఉండాది."

ఇన్‌స్పెక్టరు పెన్సిలు బల్ల మీద పెట్టేశాడు. "ఇందులో అభ్యంతరమేమీ లేదు. వదిలెయ్యండి అతన్ని" అన్నాడు. హెడ్డు భార్య కూర గిన్నె తెస్తే, "నాకివాళ వారం, నేను తినను" అన్నాడు. ఆ వారం ఆయనకు అంతకుముందు ఎప్పుడూ లేదు. కూర మేమే తిన్నాం. సాయిబుకూ, తల్లికీ హెడ్డు తన చేత్తో వడ్డించాడు, ఊరికే తెచ్చుకున్న గరిటెతోనే. అడుగంటినా ఆ కూర రుచి ఇప్పటికీ నా నాలుక మీద ఉంది.

పుస్తకం తీసుకుని ఇంటికి పొమ్మన్నాం సాయిబును. కదలడే!

"చదవను రానోణ్ణి, పుస్తకం ఇంటికి తీసకపోయి ఏం చేసేది సార్? ఇంకా కొంచెం మిగిలుండాది. అది గూడా వినేసి పోతా. తూము తీసినారో లేదో తెలియకుండా ఎట్ట పోయేది?"

జనంలో ఒక్కరూ కదల్లేదు. ఇన్‌స్పెక్టరు గడియారం చూసుకున్నాడు, బస్సుకు ఇంకా టైముంది. తిట్టబోతున్నాడనుకున్నాను. కుర్చీ దగ్గరికి లాక్కుని, "కానివ్వు" అన్నాడు.

కథలో ఊరంతా ఊరిపెద్ద గుమ్మం ముందు నిలబడింది. అధికారి పక్కనే ఉన్నాడు. పేదరైతు చెయ్యి చాచి తాళంచెవి అడిగాడు. ఊరిపెద్ద మొలతాడు మీద చెయ్యి వేశాడు. నేను పేజీ తిప్పాను. వెనక అట్ట వచ్చింది.

అందరం ముసలమ్మ వైపు తిరిగాం.

"నా దిక్కు చూస్తారేంది?" అంది. "మొదటి కాగితాలు అయిపోయినాయి. ముక్కుపొడి ఆగుతాదా?"

ఆ రోజు సంతలో బేరాలు సాగలేదు. ఇచ్చుంటాడని కొందరు, లాక్కున్నారని కొందరు. పెద్దాయన కూడా ఒక ముగింపు చెప్పాడు. అంగడాయన అది ఒప్పుకోలేదు. ఆ పుస్తకం నిజంగా నిషేధించినదో కాదో నాకు ఈనాటికీ తెలియదు. తెలుసుకోవాలని మా ఠాణాలో ఎవరికీ అనిపించలేదు.

సాయంత్రం ఇన్‌స్పెక్టరును బస్సెక్కించడానికి పోయాం. బస్సు కదిలాక కిటికీలోంచి తల బయటికి పెట్టి అరిచాడు.

"హెడ్డూ! వాళ్ళు తూము తీసుంటారంటావా, లేదంటావా?"

హెడ్డు సెల్యూట్ కొట్టాడు. "తమరు ఎట్టంటే అట్ట సార్!"

పక్కన కొడుకు భుజం పట్టుకుని నిలబడ్డ ముసలమ్మ చీదరించుకుంది. "నీకు మాత్రం బుర్ర లేదా నాయనా? నిన్నేగా అడిగింది."

హెడ్డు బస్సు మలుపు తిరిగేదాకా చెయ్యి దించలేదు. దుమ్మంతా సర్దుకున్నాక, చుట్టూ ఒకసారి చూసి నా చెవి దగ్గరికి వంగాడు.

"తీసుంటార్రా" అన్నాడు. "నేనైతే తీసుంటా."